వెనక గోడకు తలుపు

దయ్యాల ముచ్చట చెప్పెటోళ్లంటే నాకు చిన్నప్పటి సంది పడది. మాది కరీంనగర్‌ల చర్చికి పోయే కుటుంబం. ఇంట్ల ఎవరన్న గాలి సోకిందంటే మా బాపు, "గాలి గాదు, నీకు అన్నం అరగలే" అని కొట్టిపారేస్తుండె. దానికి తోడు నాది అనుమానపు పుట్క. ఏం జరిగినా ముందుగాల మనిషినే అనుమానిస్త. అనుమానం పెనుభూతం అంటరు గదా, మా ఇంట్ల ఉన్న భూతం గదొక్కటే అని మా ఆయన ఎక్కిరిస్తడు.

నేను ఫ్యాక్టరీలకు లేఅవుట్లు గీస్త. ఏ మిషను ఎక్కడుండాలె, లారీ ఎటుకెళ్లి వచ్చి ఎటు పోవాలె, గోదాం ఎటు, నీళ్ల ట్యాంకు ఎటు, అదే నా పని. చాన ఏండ్లు రైసుమిల్లులే చేసిన. తర్వాత ఇచ్చోడ దిక్కు పత్తిల గింజ తీసే జిన్నింగు మిల్లు పని ఒకటి వచ్చింది. ఓనరు ఖాజా సాబ్, ఆదిలాబాద్‌ల పత్తి యాపారం చేసెటాయన. గంత పెద్ద పని నాకు అదే మొదలు.

సాబ్ ముందే ఒక షరతు పెట్టిండు. జిన్నింగు హాలుకు వెనకదిక్కు తలుపు వద్దన్నడు. "వెనకంగ తలుపు పెడితే పత్తి మూటలకు కాళ్లొస్తయమ్మా" అన్నడు. ముంగట పెద్ద షట్టర్లు ఉన్నయి, నేను గూడా సరే అన్న. మా పనిల ఎవరైనా ముందుగాల సరుకు నడిచే తొవ్వనే గీస్తరు.

జాగ నల్లరేగడి. జేసీబీ పెట్టి చదును చేపిచ్చినం. మళ్ల నేను పోయేసరికి నడిమిట్ల ఒక కాలితొవ్వ పడి ఉంది. రోజూ మనుషులు నడిస్తె మన్ను నున్నగైతది చూడుండ్రి, గట్ల. హాలు వచ్చే జాగ నడుమ మొదలై, వెనక గోడ లేచే కాడ దాటి, పక్క చేనుదాక పోయి ఆగింది.

నా అనుమానం చప్పున పక్క చేను విఠల్ మీదికి పోయింది. నాలుగొద్దులు నడిచి, తర్వాత "ఇది మా తాతల నాటి తొవ్వ" అని కొట్లాటకొచ్చుడు మా దిక్కు కొత్తగాదు. పోయి అడిగిన. ఆయన నవ్విండు.

"మేడం, నా చేనుకు రోడ్డు మీదికెళ్లే తొవ్వ ఉన్నది. మీ జాగల నడిచి నేనెటు పోవాలె? గా తొవ్వ నడుమలకెళ్లి షురువైతుంది. మొదలు లేని తొవ్వ కోసం ఎవడన్న కొట్లాడుతడా?"

మాట నిజమే. అయినా నేను నమ్మలే. తొవ్వను దున్నిపిచ్చిన. మళ్ల పడ్డది.

గప్పుడే హైవేకు విడువాల్సిన జాగ సరిపోతలేదని హాలును కంప్యూటర్ మీద పక్కకు జరిపిన. ఆ డ్రాయింగు ఎవరికీ పంపలే, సాబ్‌కు గూడా చెప్పలే. మళ్ల ఇచ్చోడకు పోతె పాత తొవ్వ మీద గడ్డి మొలిచింది, కొత్తది పక్కకు పడ్డది. టేపు పట్టి కొలిచిన. కొత్త డ్రాయింగు లెక్కన హాలుల కూలి ఆడోళ్లు నిలవడి మిషన్లకు పత్తి అందించే జాగ కాడ్నే మొదలైతుంది. నమ్మక ఇంకోపారి కొలిచిన.

మా ఆఫీసుల ఉండేది నేను, మా ఆయన. ఇంటికొచ్చి ఆయన్నే నిలదీసిన, డ్రాయింగు ఎవరికి సూపెట్టినవని. "నీ అనుమానం పాడుగాను, నాకు గా బొమ్మ తెరువనే రాదు" అని అన్నం కాడికెళ్లి లేచిపోయిండు.

దొంగను పట్టాలె అనుకున్న. పునాదులకు ముగ్గు పోసే సున్నం ఉంటది గదా, పొద్దుగూకేటప్పుడు దాన్ని తొవ్వ పొడుగున మందంగ చల్లిపిచ్చిన. గేటుకు తాళం నేనే ఏసుకొని ఇచ్చోడల తెలిసినోళ్లింట్ల పండుకున్న. తెల్లారి విఠల్‌ను ఎంటేసుకొని పోయిన. సాక్ష్యానికని చెప్పిన గని, ఆయన మొఖం ఎట్ల మారుతదో చూద్దామని నా ఆలోచన.

సున్నం నిండ అడుగులు. ఉత్తకాళ్లవి, ఆడోళ్లవి, ఉరికినట్టు దూరం దూరం. అన్నీ బయటికి పోయేటియే, లోపలికొచ్చే అడుగు ఒక్కటి లేదు. ఒక ఎడమ పాదానికి చిటికెన వేలు లేదు. వాటి నడుమ ఒక చిన్నపిల్ల పాదం గూడా ఉన్నది. విఠల్ మొఖం చూసిన. అది దొంగ మొఖం గాదు. చెప్పులు విడిచి, "అరె దేవా" అనుకుంట నిలవడ్డడు. నేను టేపు పక్కన పెట్టి ఫోన్ల ఫోటోలు తీసుకున్న.

సాబ్‌కు అడుగుల ముచ్చట చెప్పలే. చెప్తె పిచ్చిదంటడు. వెనక తలుపు లేకుంటె డ్రాయింగు మీద సంతకం పెట్టనని, ఇంకొకల్లను చూసుకొమ్మని మాత్రం చెప్పిన. "దొంగలకు నువ్వే తొవ్వ చేస్తున్నవమ్మా, జర సోచాయించు" అన్నడు. పని చేజారినట్టే అనుకున్న. ఆఖరికి లోపల నిలవడి తోస్తెనే తెరుసుకునే ఇనుప తలుపుకు ఒప్పుకున్నడు. తొవ్వ గోడను దాటే కాడ్నే దాన్ని పెట్టిపిచ్చిన.

మిల్లు నడవవట్టినంక ఒక సీజన్ల, పట్టపగలు, పత్తిల రాయిముక్క పోయి మిషన్ల నిప్పురవ్వ లేచింది. ముంగట షట్టర్ల కాడ పత్తి కుప్పలుండె, మంట అటే అంటుకున్నది. ఆడోళ్లంత వెనక తలుపు తోసుకొని విఠల్ చేన్లకు ఉరికిండ్రు. ఎవ్వరికీ ఏం గాలే.

తెల్లారి నేను పోయిన. ఫైరింజను నీళ్లకు మన్ను మెత్తబడి అడుగులు అచ్చం దిగినయి. అదే తొవ్వ. చిటికెన వేలు లేని ఎడమ పాదం గూడా ఉన్నది. అదెవరిదని అడిగితె ఆడోళ్ల ముఠా పెద్ద శాంతాబాయి కాలు ముంగటికి చాపింది. చిన్నప్పుడు బండి చక్రం కింద పడి వేలు పోయిందట. మహారాష్ట్ర మనిషి, ఇచ్చోడ మొఖం చూసుడు ఆ ఏడే మొదలు. ఆమెకు సున్నంల అడుగుల పాత ఫోటో సూపెట్టిన.

"నా కాలు నీ ఫోన్లకు ఎట్లొచ్చింది బాయి?" అన్నది.

ఆమె పక్కన కూసొని ఏడ్చిన, భయానికో సంతోషానికో తెలువదు.

గా మన్నుల చిన్నపిల్ల పాదం కోసం ఎంత ఎతికినా దొరకలే. ఆ రోజు లోపల పిల్లలెవ్వరూ లేకుండిరి.

ఇగ ప్రతి సీజన్ మొదట్ల నేను మిల్లుకు పోత. వెనక తలుపుకు అడ్డం పత్తి బేళ్లు పేరుస్తరు, నిలవడి తీపిస్త. పిల్లలను గేటు లోపలికి తేవద్దని ఆడోళ్లతోని లొల్లి పెట్టుకుంట. నేను పిల్లలంటె గిట్టని మనిషినని వాళ్లనుకుంటరు, అనుకోనీ. తలుపు నేను పెట్టిపిచ్చిన్నని ఆ అడుగులు పడ్డయా, అడుగులు పడ్డయని నేను తలుపు పెట్టిపిచ్చిన్నా, ఇయ్యాల్టికి నాకు తెల్వలే.

మొన్న పోతె శాంతాబాయి తన మనుమరాలిని తెచ్చి నా ఒడిల కూసోపెట్టింది. నడక నేర్సుకుంటున్న పిల్ల. ఆమె చాయ్ తేను పోయినంక దాని పాదం కింద టేపు పెట్టి చూసిన, ఫోన్ల ఆ చిన్నపిల్ల పాదం ఫోటో చూసిన. దీని పాదం ఇంకా చిన్నగనే ఉంది.