బాబిన్ల డబ్బాలో పాట

నల్లకోటు లైనింగును గుండుసూదులతో పట్టించి, ఆమె దాన్ని మిషను సూది కిందికి జరిపింది. నలుపు మీద నలుపు కుట్టేటప్పుడు కళ్లకంటే వేళ్లే ఎక్కువ పనికొస్తాయి. కుడిచెవిలో పాట మొదలైంది. పాదం తొక్కుడు అందుకుంది.

షాపు వదినది. కౌంటరు దగ్గర నుంచే ఆవిడ చూసింది.

"మళ్లీ పెట్టావూ?"

"పెట్టాను."

"పోయిన కోటు సంగతి అప్పుడే మర్చిపోయావా?"

మర్చిపోయే సంగతి కాదది. ఇప్పుడు మిషను మీదున్న కోటు వకీలుగారిదే. పోయినసారి ఆయన కోటుకే అంచు కుడుతుంటే ఇయర్‌ఫోన్ల నల్లవైరు జారి మడతలో పడింది. చరణం మధ్యలో పాట టక్కున ఆగి, సూది విరిగాకగానీ వైరును కూడా కోటులో కలిపి కుట్టేసినట్టు ఆమెకు తెలియలేదు. లైనింగంతా విప్పాల్సి వచ్చింది. పాపం ఆయన ఆ రోజు వెలిసిపోయిన కోటుతోనే కోర్టు మెట్లెక్కారు. ఆ సాయంత్రమే వదిన తేల్చేసింది: పాటలు ఇంట్లో, కుట్టు ఇక్కడ.

కొన్నాళ్లు పాట లేకుండానే కుట్టింది. పాదం కాసేపు పరుగెత్తేది, కాసేపు నీరసించేది. కుట్టులో కుదురు పోయింది. చివరికి బ్లూటూత్ ఉన్న చిన్న ప్లేయరు, వైరు లేని ఇయర్‌ఫోన్లు కొనుక్కుంది. ప్లేయరు అగ్గిపెట్టెంత ఉంటుంది, దారం చుట్టే బాబిన్ల డబ్బాలో పడి ఉంటుంది. ఆమె ఇస్త్రీబల్ల దగ్గరికి వెళ్లినా పాట వెంటే వస్తుంది. మిషను చక్రానికి చుట్టుకునేది లేదు, కత్తెరకు తగిలేది లేదు. ఇయర్‌ఫోను ఒక చెవికే పెట్టుకుంటుంది. రెండోది ఛార్జి అవుతూ ఉంటుంది. ఖాళీ చెవి పిలిచేవాళ్లకు.

"ఫోనులో వినొచ్చుగా, ఇదో దండగ."

"ఫోను మోగితే చెయ్యి ఆగుతుంది వదినా. ఇది పాడటం తప్ప ఇంకేం చేయదు."

"ఒక్క వంకర కుట్టు కనిపించిందా, ఈ మిషను మీద ఇంకొకళ్లను కూర్చోబెడతా."

"కూర్చోబెట్టు. ముందు కుట్టు చూడు."

వదిన ఊరుకోలేదు. వెనగ్గా వచ్చి, గొంతు బాగా తగ్గించి అంది: "కత్తెర ఎక్కడుంది?"

"నీ చేతిలోనే ఉంది." ఆమె తల ఎత్తలేదు. పాదం ఆగలేదు.

గుండీలు పడ్డాయి, ఇస్త్రీ అయింది. వదిన కోటును తిరగేసి, అంచు పొడవునా బొటనవేలు జరుపుతూ వెళ్లింది. చంక దగ్గర ఆగి మళ్లీ తడిమింది. కోటు తిరిగి ఆమెకిచ్చింది.

అప్పుడే వకీలుగారు వచ్చారు.

"ఈసారి ఇందులోంచి ఏమైనా పాడుతుందా అమ్మా?"

"లేదండీ. పాడేది నా దగ్గరే ఉంది. తొడుక్కుని చూడండి."

ఆయన తొడుక్కుని, చేతులెత్తి దించి, అద్దంలో భుజాలు చూసుకుని విప్పారు. ఆమె చెవిలోది తీయకుండానే కోటు మడిచి, కవరులో పెట్టి, ఆయన చేతికందించింది.

"ప్యాంటు కూడా కుట్టించాలి," అన్నారాయన.

వదిన తన మెడలోని కొలతల టేపు తీసి ఆమె వైపు చాపింది.