జడ్జిగారు తెలిసినవారే

ఆ వీధిలో అందరూ అతన్ని పెద్దోడనే పిలుస్తారు, తమ్ముణ్ణి చిన్నోడంటారు. పెద్దోడికి కోర్టు వెనక సందులో రెండు కుర్చీల సెలూన్ ఉంది. చిన్నోడు మార్కెట్‌కి కూరగాయల వ్యాను తోలతాడు. మనిషి మంచివాడే గానీ కోపం ముక్కు మీదే ఉంటుంది. ఆ కోపమే ఒకరోజు మార్కెట్ గేటు దగ్గర కొంప ముంచింది. వ్యాను అక్కడ ఆపొద్దన్నాడు కాపలా ఆయన. మాటా మాటా పెరిగి, తోపులాటలో ఆయన వెనక్కి పడ్డాడు. సిమెంటు గట్టు తలకు తగిలింది. ఆస్పత్రిలో కళ్లు తెరిచాడే గానీ మంచం దిగలేకపోతున్నాడు. చిన్నోణ్ణి పోలీసులు పట్టుకెళ్లారు. తాను చెయ్యే వెయ్యలేదని, ఆయనే కాలు జారి పడ్డాడని వాళ్లకు చెప్పాడు.

సంగతి తెలిసి పక్క కొట్టు చెప్పుల వ్యాపారి వచ్చి పెద్దోడి భుజం తట్టాడు.

"నీకేం భయమయ్యా? జడ్జి మెడ మీద కత్తి పెట్టేవాడివి నువ్వు."

పెద్దోడికి నవ్వు రాలేదు. కానీ ఆ మాట చెవిలో జోరీగలా తిరుగుతూనే ఉంది. నిజమే, ఈ కేసు వినబోయే జడ్జిగారు ఆదివారం పొద్దున తన దగ్గరికే వస్తారు. కుర్చీలో కూర్చుని మోకాళ్ల నొప్పుల గురించి, పెరట్లో కాయని టమాటా మొక్కల గురించి కబుర్లు చెబుతారు. అంత దగ్గరివారిని అడగడానికి మొహమాటమేమిటని భార్య అంది. మరదలైతే చంటిపిల్లను చంకనేసుకొచ్చి గుమ్మంలోనే నిలబడిపోయింది.

"బావగారూ, మీరొక్క మాట వేస్తే చాలు. ఆయన కాదనరు."

సరేనన్నాడు. అన్నాక మనసొప్పక, చిన్నోడి కేసు చూస్తున్న లాయరమ్మ దగ్గరికి వెళ్లాడు.

ఈ సంగతి వినగానే ఆవిడ చేతిలో కాగితాలు బల్ల మీద పెట్టేసింది.

"ఆ పని మాత్రం చెయ్యకండి. పోయినేడు ఒకాయన జైల్లో ఉన్న కొడుకు కోసం జడ్జిగారి డ్రైవరు చేత కబురు పెట్టించాడు. జడ్జిగారు నిండు కోర్టులో ఆ సంగతి బయటపెట్టి, కేసు వేరే కోర్టుకి పంపేశారు. మళ్లీ మొదటికొచ్చింది. అన్నాళ్లూ ఆ కొడుకు లోపలే ఉన్నాడు."

"మరి తెలిసినవారై ఏం లాభం అమ్మా?"

"మీకు తెలిసింది ఆయన తల. ఆ తలలో ఏముందో తెలియాలి మనకి."

ఆవిడ ఆ జడ్జి ముందు ఎన్నో కేసులు వాదించింది. బెయిలు అడిగితే ఆయన లాయర్ల మాటలతో సరిపెట్టుకోరట. జామీను ఉండేవాళ్లను పిలిచి తానే ప్రశ్నలు వేస్తారట. చిన్న విషయంలో అబద్ధం దొరికితే, తక్కిన నిజాలన్నీ నీళ్లలో పోసినట్టేనట. ఇంత చెప్పి, చిన్నోడు నిజంగా చెయ్యి వెయ్యలేదా అని అడిగింది. పెద్దోడు తల దించుకున్నాడు. అతనికీ ఆ అనుమానం ఉంది.

ఇద్దరూ జైలుకి వెళ్లారు. ఊచల అవతల చిన్నోడు గడ్డం మాసి, చూపులు నేల మీదే పెట్టుకుని నిలబడ్డాడు. లాయరమ్మ ఎంత నెమ్మదిగా అడిగినా పాత పాటే పాడాడు. చివరికి పెద్దోడు ఊచల దగ్గరికి జరిగి, "నా మొహం చూసి చెప్పరా" అన్నాడు.

"తోశానన్నయ్యా. పడతాడనుకోలేదు."

ఆవిడ కోర్టులో ఆ అబద్ధం ఎత్తనని తేల్చి చెప్పింది. నేరం సంగతి విచారణలో తేలుతుంది, ఇప్పుడు అడిగేది బెయిలే అంది. తిరిగొచ్చే దారంతా పెద్దోడికి ఒకటే ఆలోచన. ఒక్క అబద్ధం తమ్ముణ్ణి కాపాడుతుందేమో, దాన్ని చేజేతులా వదిలేస్తున్నామేమో అనిపించింది.

ఆదివారం జడ్జిగారు వచ్చారు. పెద్దోడు ఆయన మెడ చుట్టూ గుడ్డ కట్టి, నురగ రాసి, కత్తి పట్టుకున్నాడు. రెండో కుర్చీ ఖాళీ. షాపులో వేరే ఎవరూ లేరు. ఇంతకంటే మంచి అదను దొరకదు. మాట నాలుక చివరి దాకా వచ్చింది.

"ఏమయ్యా, కత్తి పట్టుకుని అలా ఆగిపోయావేం?" అన్నారు ఆయన అద్దంలోంచి చూస్తూ.

"నిద్ర లేదండీ" అన్నాడు. అదొక్కటే అన్నాడు. ఆయన వెళ్లిపోయాక తువ్వాలు పట్టుకుని అదే కుర్చీలో కూలబడ్డాడు. ఇంటికెళితే మరదలికి ఏం చెప్పాలో తోచలేదు.

బెయిలు అడిగిన రోజు కోర్టులో, జామీను ఉంటానన్న పెద్దోణ్ణి పిలిచారు. జడ్జిగారు తలెత్తి చూశారు. గుర్తుపట్టినట్టు మొహంలో ఏ కదలికా లేదు. కుర్చీలో నవ్వే మనిషికీ ఈయనకీ పోలికే లేదు.

"ఈయన దగ్గర నేను క్షవరం చేయించుకుంటాను," అని రెండు పక్షాలకూ వినిపించేలా అన్నారు. తర్వాత పెద్దోడి వైపు తిరిగారు. "ఈ కేసు గురించి నాతో ఎప్పుడైనా మాట్లాడారా మీరు?"

ఆ 'మీరు' వినగానే పెద్దోడు చేతులు కట్టుకున్నాడు. "లేదండీ. మాట్లాడాలనుకున్నాను. లాయరమ్మ వద్దన్నారు."

వెనక బెంచీల్లో ఎవరో కిసుక్కుమన్నారు. లాయరమ్మ కళ్లు మూసుకుంది. ప్రభుత్వ ప్లీడరు మాత్రం ఈ జడ్జిగారే వినడానికి తనకేమీ అభ్యంతరం లేదన్నాడు.

తమ్ముడు ఎక్కడ ఉంటాడని జడ్జిగారు అడిగితే తన ఇంట్లోనే అన్నాడు పెద్దోడు. మార్కెట్ వైపు వెళ్లడు కదా అన్నారు.

"వెళ్లనివ్వనండీ."

"మీ మాట వింటాడా?"

వింటాడనడమే తెలివైన పని. కానీ నోరు అలా తిరగలేదు. "అన్నిసార్లూ వినడండీ. అందుకే షాపులో నా కళ్ల ముందే కూర్చోబెట్టుకుంటాను."

ఆయన చాలాసేపు రాసుకున్నారు. ఆ కలం చప్పుడు వింటూ పెద్దోడు గోడ పట్టుకుని నిలబడ్డాడు. బెయిలు ఇచ్చారు. కాపలా ఆయన ఛాయలకు కూడా వెళ్లకూడదని, మార్కెట్‌లో అడుగు పెట్టకూడదని షరతులు. బయటికొచ్చాక లాయరమ్మ, మీ నోటికి దండం పెట్టాలండీ, మెచ్చి పెట్టాలో విసిగి పెట్టాలో నాకే తెలియదు అంది.

చిన్నోడు ఇంటికొచ్చాడు. సెలూన్‌లో నేల ఊడుస్తూ, తువ్వాళ్లు ఉతుకుతూ రోజులు నెడుతున్నాడు. కేసు నడుస్తూనే ఉంది. జడ్జిగారు మాత్రం మళ్లీ షాపు గుమ్మం తొక్కలేదు. అది కోపం కాదని, కేసు ముగిసేదాకా రారని లాయరమ్మ చెప్పింది. విచారణ మొదలుకాకముందే ఆయనకు బదిలీ అయింది. కొత్తాయన ఎలాంటివారో ఎవరికీ తెలియదు.

ఆయన వచ్చిన వారమే లాయరమ్మ తీరు కనిపెట్టాలని, తనకు కేసు లేకపోయినా వెళ్లి వెనక బెంచీలో కూర్చుంది. పెద్దోడు కూడా షాపు తమ్ముడికి అప్పగించి ఆమె పక్కన చేరాడు. కొత్త జడ్జి గొంతు చిన్నది. దెబ్బ తిన్నవాళ్లు మాట్లాడుతుంటే ఎంత ఆలస్యమైనా అడ్డు రావడం లేదు. ఆ పొద్దున సాక్ష్యం చెబుతున్న ముసలావిడకు దగ్గొస్తే, ఆగి నీళ్లు తెప్పించారు.

"మీ తమ్ముడు ఆ కాపలా ఆయనకి క్షమాపణ చెప్పుకున్నాడా?" అని లాయరమ్మ గుసగుసగా అడిగింది.

ఆయన దగ్గరికి వెళ్లకూడదన్నారు కదా అన్నాడు పెద్దోడు.

"కోర్టు అనుమతి అడుగుదాం. కానీ ముందు మీ వాడికి నిజంగా చెప్పాలని ఉందో లేదో కనుక్కోండి. ఈయన దగ్గర నటిస్తే దొరికిపోతాం."

చిన్నోడికి ఆ పశ్చాత్తాపం ఉందో లేదో తనకు తెలియదని పెద్దోడికి అప్పుడే తట్టింది. ముందున్న బెంచీ అంచు పట్టుకుని, కొత్తాయన మొహంలోకే చూస్తూ కూర్చున్నాడు.