నాయన లోతు తొట్టి

మొన్న ఒక పెళ్ళికి కమ్మలు కొందామని ప్రొద్దుటూరు పోయి, బంగారు అంగళ్ళ వరస దాటి పక్క సందులోకి తిరిగేసరికి, రంగుచేపలు అమ్మే చిన్న అంగడి ఒకటి కనబడి దాని ముందు నిలబడిపోయాను. అంగడి అబ్బాయి గాజుతొట్టిలో చేయి పెట్టి పచ్చటి పోచల గుత్తినొకదాన్ని పైకి తీసి, నీళ్ళు కారుతుండగానే ప్లాస్టిక్ సంచిలో వేసి ముడి వేస్తున్నాడు. ఆ వాసన నన్ను తాకింది. పచ్చి బురద, తడిసిన రాయి, ఎక్కడో అడుగున మాగిన ఆకు, ఇవన్నీ కలిసిన వాసన. ఏం మొక్క అని అడిగితే, "నాచు మేడం, దండిగా గాలి ఇస్తాది చేపలకు. మీరేం చేయబన్లే, దానంతట అదే పెరుగుతాది" అన్నాడు. అది దానంతట అదే ఎట్లా పెరుగుతుందో తెలుసుకోవడానికి మా నాయన తన మంచి వయసంతా ధారపోశాడని ఆ అబ్బాయికి చెప్పలేదు. చెప్పినా నవ్వి ఊరుకునేవాడేమో.

మాది జమ్మలమడుగు. నాయన ప్రొద్దుటూరులో కాలేజీ పిల్లలకు వృక్షశాస్త్రం చెప్పేవాడు. పొద్దున్నే సద్దిగిన్నె పట్టుకుని బస్సెక్కి, సాయంత్రం చొక్కా వీపంతా చెమటతో అంటుకుపోయి దిగేవాడు. దిగినవాడు ఇంట్లోకి రాడు, చెప్పులు బయట విడిచి నేరుగా పెరట్లోకి పోతాడు. పెరట్లో వేపచెట్టు నీడ తగలని మూలన, నాపబండలు నిలబెట్టి సిమెంటుతో అతికించిన మూడు తొట్లు ఉండేవి. ఒకటి మోకాలిలోతు, ఒకటి నడుములోతు, మూడోది నిలువెత్తు మనిషికి రొమ్ముదాకా వచ్చేంత లోతు, మంచమంత పొడుగు. మూడింట్లోనూ ఒకటే నాచు, ఒకటే ఒండ్రుమట్టి, ఒకటే బావినీళ్ళు. మారేది లోతు ఒక్కటే. లోతు పెరిగేకొద్దీ వెలుగు తగ్గుతుంది కదా, ఆ తగ్గిన వెలుగులో మొక్క ఏం చేస్తుంది, ఆకులు మానుకుని కాడనే సాగదీసుకుంటూ పైకి వస్తుందా, వస్తే ఎన్నాళ్ళకు వస్తుంది, వచ్చాక ఎంత బరువు తూగుతుంది? ఇదీ నాయన పరిశోధన. యూనివర్సిటీ వాళ్ళు డాక్టరేటుకు ఒప్పుకున్న అంశం అది.

మా ఇంటి బావినీళ్ళు ఉప్పన. తాగడానికి పనికిరావు, పప్పు ఉడకదు, సబ్బు నురగ రాదు. కానీ నాచుకు పనికొచ్చేవి. ఎండకు ఇంకిపోయినంత మేరా రోజూ బిందెలతో తోడి పోసేది మా అమ్మ. అమ్మది పులివెందుల పక్క పల్లె, చిన్నప్పటినుంచి నీళ్ళ కరువులో పెరిగిన మనిషి. వాళ్ళ ఊళ్ళో ముఖం కడిగిన నీళ్ళు కూడా చీనీచెట్టు, అంటే బత్తాయిచెట్టు, పాదులోకి పోవలసిందే. అట్లాంటిదాన్ని తెచ్చి నాచుకు నీళ్ళు పోయిస్తున్నాడని మా అమ్మమ్మ వచ్చినప్పుడల్లా సణిగేది. "చీనీచెట్టుకు పోస్తే కాయన్నా కాస్తాది. ఇది ఏం కాస్తాదే?" అనేది. అమ్మ నవ్వుతూ, "అల్లుణ్ణే అడుగు" అనేది. అమ్మమ్మ మాత్రం అల్లుణ్ణి ఎప్పుడూ అడగలేదు.

మా ఇంట్లో సంవత్సరమంటే ఆరాధనల లెక్కే. శ్రమదినాల్లో, అంటే ఈస్టరుకు ముందటి నలభై రోజులూ, మాంసం ఉండదు, రాగిసంగటిలోకి చెనిక్కాయల ఊరిబిండి, అదే వేరుశెనగ పచ్చడి, ఒక్కటే. పునరుత్థానం నాడు చీకటితోనే లేచి తెల్లచీరల అమ్మల వెంట పాటలు పాడుకుంటూ గుడికి పోవడం, వచ్చేసరికి అలసంద వడల నూనె వాసన వీధి మొదట్లోనే ఎదురు రావడం. క్రిస్మసుకు పదిరోజుల ముందునుంచే అత్తిరసాలకు బియ్యం నానబోయడం, వాకిట్లో రోటి చప్పుడు, పాకం ముదిరిందని అమ్మ, ముదరలేదని పక్కింటి రసూల్‌బీ పిన్ని గట్టిగా వాదులాడుకోవడం. వీటన్నిటికన్నా మాకు ఇష్టమైనది బాప్తిస్మాల ఆదివారం. వానలు పడి పెన్న పారి తగ్గాక, ఇసుకలో నిలిచిపోయిన మడుగు దగ్గరికి సంఘమంతా నడిచిపోయేది. మా సంఘంలో నీళ్ళు చిలకరించడం లేదు, పూర్తిగా మునగవలసిందే. మునిగి లేచినవాళ్ళకు దుప్పట్లు కప్పడం సంఘపెద్దల పని, నాయన వాళ్ళలో ఒకడు. ఒక ఏడు ఇట్లాగే దుప్పటి పట్టుకుని నడుములోతు నీళ్ళలో నిలబడిన నాయన, పాట మధ్యలో హఠాత్తుగా కిందికి వంగి ఒక నాచుకాడను వేరుతో సహా పీకి ఎండకు పట్టి చూశాడు. దుప్పటి నీళ్ళపాలు. మునిగి లేచిన మనిషి వణుకుతూ నిలబడ్డాడు. అయ్యగారు, అంటే మా పాస్టరుగారు, పాట ఆపకుండానే కళ్ళెర్రజేశారు. బొరుగులు పంచేటప్పుడు ఆడవాళ్ళు ఆ మాటే చెప్పుకుని చెప్పుకుని నవ్వారు.

నాయన దగ్గర పళ్ళెమంత రేకుబిళ్ళ ఒకటి ఉండేది, నలుపూ తెలుపూ రంగులు వేసింది, మధ్యలో తాడు కట్టింది. దాన్ని నీళ్ళలోకి దించుతూ పోయి, కంటికి కనబడకుండా మాయమయ్యే చోట తాడు పట్టుకుని కొలిచేవాడు. నీళ్ళు ఎంత తేటగా ఉన్నాయో, వెలుగు ఎంతదూరం పోతుందో దానివల్ల తెలుస్తుందట. మా తొట్లలో ఆ బిళ్ళ అడుగు తాకినా స్పష్టంగా కనబడేది. అంత తేట. మేం వేలు పెట్టడానికి కూడా వీల్లేదు.

అమ్మ ఒకసారి గుడినుంచి వస్తూ నాయనను ఆటపట్టించింది. "బైబిల్లో సూర్యుణ్ణి చేయకముందే దేవుడు చెట్లు మొలిపిచ్చినాడు కదా, మీకీ ఎండ లెక్కలెందుకు?"

"సూర్యుడు లేకపోయినా వెలుగు ముందే ఉండింది కదా. నేను కొలిచేది ఆ వెలుగునే" అన్నాడు నాయన.

అమ్మకు ఆ జవాబు శానా నచ్చింది. తరువాతి బుధవారం స్త్రీల కూడికలో అది తన మాటే అన్నట్టు చెప్పింది.

ఎండబెట్టిన నాచు గలగలమనేంత పొడిగా, చిటికెడు బరువు కూడా లేకుండా ఉంటుంది. దాన్ని తూచడానికి నాయన ప్రొద్దుటూరులో తనకు తెలిసిన బంగారు అంగడాయన దగ్గరికి తీసుకుపోయేవాడు. నన్ను కూడా ఒకసారి తీసుకుపోయాడు. అద్దాల పెట్టెలో ఉన్న సన్నటి త్రాసులో ఒకవైపు గోధుమగింజంత తూకపురాళ్ళు, ఒకవైపు ఎండు నాచు. నెక్లెసు చూస్తున్న ఆడవాళ్ళు దాన్ని మానేసి మావైపు చూశారు. అంగడాయన ముఖం ఏమాత్రం కదలకుండా, "సార్, తరుగు తీయాల్నా?" అని అడిగాడు. అంగడంతా గొల్లుమంది.

నేను ఐదో తరగతికి వచ్చిన ఏడు వానలు పడలేదు. పెన్న ఇసుక తెల్లగా, కళ్ళు చెదిరేట్టు మెరిసింది. మైలవరం డ్యాములో బురద మిగిలిందని, బర్రెలు దిగి కూరుకుపోతున్నాయని చెప్పుకున్నారు. ట్యాంకరు వస్తే వీధిలో బిందెల వరస, తిట్లు, ఒకరి బిందె ఒకరు తన్నుకోవడం. మా ఉప్పుబావిలోనూ చేద అడుగున గీసుకుని చెంబెడు తేలేది. ఆ చెంబులే అమ్మ తొట్లలో పోసింది. నాయనకు అది రెండో ప్రయత్నం. అంతకుముందు ఏడు లోతుతొట్టి బండ పగిలి అంతా పోయింది. యూనివర్సిటీ ఇచ్చిన గడువు ఆ ఏటితో ఆఖరు. చిన్న తొట్టిలో నాచు ఎప్పుడో నీటిపైకి తేలింది, నడుములోతుదీ తేలింది. లోతుతొట్టిలోది మాత్రం కాడలు సాగదీసుకుంటూ, సాగదీసుకుంటూ, నీటిమట్టానికి జానెడు తక్కువలో ఉంది. అది పైకి తేలిన రోజున మూడింటినీ తీసి తూస్తే పని అయిపోయినట్టే. ఆ జానెడు కోసం ఇల్లంతా ప్రార్థన చేసేవాళ్ళం. నా తమ్ముడు భోజనం ముందు ప్రార్థనలో కూడా నాచును కలిపేవాడు.

అప్పుడు వచ్చింది ఓబులమ్మ. బస్టాండులో ఉడకబెట్టిన చెనిక్కాయలు అమ్మే ముసలామె, చాలా ఏళ్ళుగా గుడికి వచ్చి వెనక గోడకు ఆనుకుని కూర్చునేది. బాప్తిస్మం తీసుకోమంటే, "ఇంగా నా నోరు కుదురు కాలేదయ్యా" అని ప్రతి ఏడూ వాయిదా వేసేది. ఆ నోటి గురించి బస్టాండులో ఎవర్ని అడిగినా చెప్తారు. ఇప్పుడు కడుపులో గడ్డ అన్నారు, గురువారం కర్నూలులో ఆపరేషన్ అన్నారు. లేస్తుందో లేదో చెప్పలేమన్నారు. ఆమె భయపడింది కోతకు కాదు, మునగకుండా పోతానేమోనని.

ఆదివారం ఆరాధన అయ్యాక అయ్యగారు ఆమెను వెంటబెట్టుకుని మా ఇంటికి వచ్చారు. నీళ్ళు దగ్గర్లో ఎక్కడా లేవని, కర్నూలు ప్రయాణం కాక ఇంకో దూరానికి బండి కుదుపులను ఆమె తట్టుకోలేదని, తల మీద చల్లితే చాలదా అంటే ఒప్పుకోవడం లేదని చెప్పి, పెరటివైపు చూశారు. అడగడానికి ఆయనకు నోరు రాలేదు. ఓబులమ్మ ఆయన్ను దాటుకుని పెరట్లోకి పోయి, లోతుతొట్టి అంచు పట్టుకుని తొంగిచూసింది.

"సారూ, దీంట్లో నేను పడతానా?"

నాయన తొట్టి దగ్గరికి పోయి నిలబడ్డాడు. నీళ్ళలో పచ్చటి కాడలు కదలకుండా నిలువుగా ఉన్నాయి. మనిషి దిగితే అడుగు మట్టి లేస్తుంది, కాడలు విరుగుతాయి, వెలుగు పోతుంది, లెక్క పోతుంది. ఇవన్నీ పిల్లలం మాకు కూడా తెలిసిన సంగతులే. రెండు వారాలు ఆగితే అని మొదలుపెట్టి, తనే ఆగిపోయాడు. అమ్మవైపు చూశాడు.

"నన్ను చూడాకండి. నన్నడిగితే వద్దంటా. మీరే చెప్పండి" అంది అమ్మ.

"ఇవి పీకాల్నా అప్పా?" అంది ఓబులమ్మ, నాచును చూపిస్తూ.

"వద్దులేమ్మా, అట్లే దిగు. నిదానంగా దిగు" అన్నాడు నాయన.

అప్పటిదాకా వద్దంటానన్న అమ్మే లోపలికి పోయి, పెట్టెలోంచి తన తెల్లచీర తెచ్చింది. అయ్యగారు ముందు దిగారు, మట్టిలో కాలు దిగబడి గోడ పట్టుకున్నారు. ముక్కాలిపీట వేసి ఓబులమ్మను దించారు. గోడ మీదినుంచి రసూల్‌బీ పిన్ని, ఆమె పిల్లలు చూస్తున్నారు. అయ్యగారి వెంట గుడినుంచి వచ్చిన నలుగురైదుగురు పాట అందుకున్నారు. ఆమె మునిగింది. లేచేసరికి నీళ్ళు టీ రంగుకు తిరిగాయి, ఆమె భుజం మీద, నెరిసిన జుట్టులో పచ్చటి పోచలు వేలాడుతున్నాయి. "అబ్బ! ఉప్పు" అని మొదటి మాట అంది. పాట పాడేవాళ్ళకు నవ్వాగలేదు. ఆమె కూడా నవ్వింది, తరువాత ఏడ్చింది. నాయన దుప్పటి కప్పాడు.

ఆ సాయంత్రం నాయన రేకుబిళ్ళను దించితే బెత్తెడు లోతులోనే మాయమైంది. మట్టి తిరిగి అడుగుకు దిగడానికి రోజులు పట్టింది, దిగుతూ ఆకులమీద పూతలా పేరుకుంది. విరిగిన కాడలు తేలి కుళ్ళాయి. ఇంకా సరిగ్గా వారం కూడా తిరగలేదు, పైన ఎక్కడో కుండపోతగా వానలు పడి పెన్న వచ్చింది. ఎర్రగా, రాత్రికి రాత్రి, ఇసుకనంతా కప్పేస్తూ వచ్చింది. ఊరంతా ఏటిగట్టుకు పరుగెత్తింది. అమ్మ మాత్రం పెరట్లో లోతుతొట్టి పక్కన నిలబడి, ఆకాశంవైపు చూసి, "ఒక్క వారం ముందు పంపింటే నీ సొమ్మేం పోతుండె ప్రభువా!" అని గట్టిగానే అడిగింది. ఎన్నో ఉజ్జీవ కూడికల్లో కూర్చున్నాను, కన్నీటి ప్రార్థనలు ఎన్నో విన్నాను. అంత సూటిగా దేవునితో మాట్లాడినవాళ్ళను మళ్ళీ చూడలేదు.

నాయన గడువు అడుగుతూ రాశాడు. ఇంక కుదరదని జవాబు వచ్చింది. దాంతో ఆ చదువు అక్కడితో ఆగిపోయింది.

ఓబులమ్మ బతికి వచ్చింది. సంగతి ఎవరో చెప్పారు కాబోలు, నడవడానికి ఓపిక రాగానే చెనిక్కాయల పొట్లంతో మా గడప దగ్గరికి వచ్చింది.

"నా మూలాన నీ డాక్టరు చదువు పాయెనంట కదా సారూ."

"చదువు యాడికి పోతాదిలే ఓబులమ్మా, తలకాయలోనే ఉండాది."

"అట్లయితే ఇంగ యూనివర్సిటీతో పనేంది? నేనిస్తాండా పో" అంది.

ఆ మర్నాడు నాయన బస్సు ఎక్కబోతుంటే, "డాక్టరు సారొచ్చినాడు, జరగండ్రా!" అని బస్టాండు అదిరేట్టు కేకేసింది. నాయన సిగ్గుతో కుంచించుకుపోయాడు. ఆమె మానలేదు. కండక్టర్లు నేర్చుకున్నారు, టీ అంగడివాళ్ళు నేర్చుకున్నారు, కొత్తగా వచ్చినవాళ్ళు నిజంగానే వైద్యుడనుకుని మోకాళ్ళ నొప్పులు చెప్పుకునేవాళ్ళు. మొదట్లో కాదని చెప్పేవాడు. తరువాత తరువాత, నొప్పి ఎప్పటినుంచి అని అడిగి, పెద్దాసుపత్రికి పొమ్మని చెప్పేవాడు.

నేను పెరిగి, సండేస్కూల్లో పిల్లలకు పాఠాలు చెప్పే వయసు వచ్చాక, ఒకరోజు నాయనను అడిగాను. వాన వస్తుందని దేవునికి తెలుసు కదా, మరి నీ పంట ఎందుకు పోనిచ్చినాడు, అని. నా దగ్గర అప్పటికి రెండుమూడు జవాబులు సిద్ధంగా ఉన్నాయి. పుస్తకాల్లో చదివినవి, ప్రసంగాల్లో విన్నవి. నాయన వాటి జోలికి పోలేదు.

"వాన సంగతి ఆయనది. ఆమె అడిగిన పొద్దు నీళ్ళు మన దగ్గర ఉండినాయి. అంతవరకే నాది" అన్నాడు.

ఇప్పుడు మా సంఘానికి కొత్త గుడి ఉంది, వేదిక కింద నీలం టైల్సు పరిచిన తొట్టి ఉంది, మోటారు వేస్తే నిండుతుంది. ఏటిదాకా ఎవరూ నడవరు. మా పాత ఇల్లు కొన్నవాళ్ళు తొట్లు పగలగొట్టి ఆ బండలు వాకిట్లో పరిచారు. నాయన పోయాడు, ఓబులమ్మ అంతకుముందే పోయింది. మొన్న ప్రొద్దుటూరునుంచి వచ్చి జమ్మలమడుగులో దిగినప్పుడు బస్టాండంతా ఒకసారి తిరిగాను. కండక్టర్లందరూ కుర్రవాళ్ళు. టీ అంగడి ఉన్నచోట సెల్‌ఫోన్ల అంగడి వచ్చింది. డాక్టరు సారు కూతురివా అని నన్ను ఆపి అడిగే మనిషి కోసం కాసేపు నిలబడి, ఆటో ఎక్కాను.