ఉప్పేసిన సల్ల

రాజకీయాల గురించి నాకేమీ తెలియదని మా ఇంట్లో మగవాళ్ళు ఇప్పటికీ అనుకుంటారు. అనుకోనీ. ఒక పార్టీ నిట్టనిలువునా చీలబోయి ఎలా ఆగిందో నేను నా కళ్ళతో చూశాను. చూడటమే కాదు, ఆపిన సల్ల ముంత నా చేతిలోనే ఉంది. మజ్జిగను మా వైపు సల్ల అంటాం.

అవి నలభైల చివరి రోజులు. పాత రాజ్యం పోయి కొత్త సర్కారు వచ్చిన కొత్త. నేను కాపురానికి వచ్చి ఎంతో కాలం కాలేదు, అప్పటికే నిండుతున్న కడుపుతో ఉన్నాను. మా ఊరు గరిడేపల్లి పక్కన. ఊళ్ళో మంత్రసాని ఉంది కానీ ముసలిది, చూపు ఆనదు, దారం ఎక్కించమన్నా నన్నే పిలిచేది. డాక్టరు కావాలంటే సూర్యాపేటకో మిర్యాలగూడకో పోవాలి. సూర్యాపేటకు తెల్లవారకముందు బండి కడితే పొద్దుగూకే వేళకు చేరతారు. మిర్యాలగూడ దగ్గరే, కానీ మధ్యలో మూసీ ఉంది.

ఆ మూసీ ఒడ్డునే మా ఆడబిడ్డ పోయింది. అత్తకు ఒక్కగానొక్క కూతురు. తొలికాన్పు కష్టమైతే బండిలో వేసుకుని బయలుదేరారట. పైన వానలు పడి ఏరు నిండుగా ఉంది. నీళ్ళు తగ్గుతాయేమోనని చూస్తూ ఉండగానే బండిలో ప్రాణం పోయింది, కడుపులో బిడ్డతో సహా. ఇది నేను ఆ ఇంట్లో అడుగుపెట్టకముందు సంగతి. అత్త నోటి నుంచి ఎన్నడూ వినలేదు, ఇరుగుపొరుగు చెప్పారు. నా కడుపు కనబడటం మొదలయ్యాక మాత్రం వాకిట్లో ఎవరు బండి కట్టినా చేతిలో పని వదిలేసి గడప దాకా వచ్చి చూసేది. నేనేమీ ధైర్యవంతురాలిని కాను. వానాకాలంలోనే నాకు నెలలు నిండుతాయని వేళ్ళ మీద లెక్క చూసుకుని భయపడేదాన్ని.

అలాంటప్పుడు హైదరాబాదు నుంచి ఒక ముసాయిదా వచ్చింది. దవాఖానల చట్టం చేస్తారట. ఒక్కో ప్రాంతానికి ఒక డాక్టరు, చదువుకున్న ఒక నర్సమ్మ. వాళ్ళు పట్నంలో కూర్చోకుండా ఎడ్లబండి కట్టుకుని ఊరూరూ తిరగాలి. మందుకు, పురుటికి ఎవరి దగ్గరా ఏమీ తీసుకోకూడదు. ఖర్చులో కొంత ఊళ్ళే మోయాలి. ఎట్లాగంటే, కల్లం దగ్గర వడ్లు కొలిచేటప్పుడు కుమ్మరికి, కమ్మరికి, చాకలికి తీసిపెట్టే పాలును మేర అంటాం కదా, అట్లాగే నాగలికింత అని దవాఖానకు కూడా మేర తీసిపెట్టాలి. మా ప్రాంతపు పార్టీ కమిటీ ఓటు వేసి సరేనంటే, చట్టం సంగతి తర్వాత, ముందు ఇక్కడే ఒక బండి నడిపి చూస్తామన్నారు. మా మామ ఆ కమిటీలో మెంబరు. ఆ కబురు ఆయన అన్నం తింటూ చెప్పాడు. వడ్డిస్తున్న అత్త గరిట గిన్నెలోనే ఆగిపోయింది.

ఇక మొదలైంది తగవు. ఇదంతా ఒకే పార్టీ, ఒకే జెండా, పొద్దున లేస్తే ఒకరినొకరు అన్నా తమ్మీ అనుకునేవాళ్ళే. డాక్టరు మకాం సూర్యాపేటలో ఉండాలని సూర్యాపేట వాళ్ళు. మిల్లులు మావి, మేర వడ్లు మా దగ్గరికే చేరాలి, మకామూ మాదేనని మిర్యాలగూడ వాళ్ళు. వాళ్ళిద్దరికీ దక్కితే మేమెందుకు మొయ్యాలి, అసలు ముసాయిదానే వద్దని కోదాడ వాళ్ళు. ఆలు లేదు చూలు లేదు కొడుకు పేరు సోమలింగం అంటారే, అదీ వరస. చూలు మాత్రం ఉంది, నా కడుపులో. దాని గురించి ఎవరూ అడగలేదు.

వద్దన్నవాళ్ళకు పెద్ద కోదాడ పెద్దాయన. మంచి మనిషే, మాట మీద నిలబడే మనిషి. కానీ ఆయనకొక పద్ధతి ఉండేది. ఎవరింటికి పోయినా తన అన్నం తానే తెచ్చుకునేవాడు. మూడంతస్తుల ఇత్తడి క్యారియరు, వెనక మోయడానికి ఒక మనిషి. ఎంత బతిమిలాడినా బెల్లం నీళ్ళు తాగేవాడు తప్ప ఉప్పు కలిసింది ఏదీ ముట్టేవాడు కాదు. ఉప్పు తిన్న ఇంటికి ఎదురు చెయ్యి ఎత్తకూడదని మా వైపు మాట. రాజకీయాల్లో ఉన్నవాడు నలుగురి ఉప్పు తింటే ఇక చెయ్యి ఎప్పుడు ఎత్తగలడు? అందుకని క్యారియరు. ఆయన మాత్రం అందరికీ పెట్టేవాడు. ఆ ఇంట్లో తినని పార్టీ మనిషి లేడు. తెలివంటే అదీ.

మా మామ అందరికంటే ఎక్కువ తిన్నాడు. పాత రాజ్యం పోయేముందు గడబిడ రోజుల్లో ఊళ్ళో ఉండలేక పారిపోతే, ఆయన కోదాడ అవతల తన చుట్టాలింట్లో దాచి నెలల తరబడి తిండి పెట్టించాడు. అందుకని ముసాయిదా మంచిదని తెలిసీ మామ దానికి చెయ్యి ఎత్తనన్నాడు.

"ఆయన వద్దన్నది నేను గావాల్నంటే ఎట్ల? తిన్నింటి వాసాలు లెక్కవెట్టమంటవా?" అన్నాడు అత్తతో.

మామకు ఎన్నడూ ఎదురు చెప్పని మనిషి అత్త. ఆ రోజు చెప్పింది.

"మీ ఉప్పుల పంచాయితీ మీది. నా బిడ్డ ఎవరి ఉప్పు తిన్నదని ఏటి ఒడ్డుకు పోయింది?"

మామ చెయ్యి కడుక్కుని లేచిపోయాడు. నేను పొయ్యి ముందు కూర్చుని ఏడ్చాను. ఆడబిడ్డ కోసమా, నా కోసమా అంటే, నా కోసమే.

ఓటు ఎక్కడ పెట్టుకోవాలన్న దగ్గర మళ్ళీ రగడ. సూర్యాపేటలో అయితే కోదాడ వాళ్ళు రారు, కోదాడలో అయితే మిర్యాలగూడ వాళ్ళు రారు. చివరికి మధ్యలో ఉందని మా ఇంటికి ఒప్పుకున్నారు. మంచి ఎండాకాలం. వాకిట్లో తాటాకు పందిరి వేసి, ఈత చాపలు పరిచాం. కోదాడ పెద్దాయన అందరికంటే ముందు వచ్చాడు, క్యారియరుతో సహా.

పొద్దుటి నుంచి వాదనే. సూర్యాపేట వకీలు ఒకాయన అధ్యక్షుడు. ఆయన గంట కొడుతూనే ఉన్నాడు, వీళ్ళు అరుస్తూనే ఉన్నారు. "డాక్టరంటే కుమ్మరోడా కమ్మరోడా, కల్లంకాడ గంప పట్టుకుని నిలబడటానికి?" అని కోదాడ పెద్దాయన. "బండి మీది, ఎడ్లు మావి, మరి మేత ఎవరిది?" అని మిర్యాలగూడ మిల్లు యజమాని. ఒక్కో మనిషి ఆలస్యంగా రావడం, రెడ్డొచ్చె మొదలాడు అన్నట్టు మళ్ళీ మొదటి నుంచి. అంతసేపూ పురుడు అన్న మాట ఎవరి నోటా రాలేదు. నేను తలుపు వెనక నిలబడి విని విని మండిపోయాను. ఇల్లు కాలి ఒకడు ఏడుస్తుంటే చుట్టకు నిప్పడిగినట్టు కాదా ఇది?

మధ్యాహ్నం భోజనాలకు లేవబోయారు. "ముందు ఓటు, తర్వాతే అన్నం" అని కోదాడ వాళ్ళు పట్టుబట్టారు. పెద్దాయన నేర్పిన పాఠమే కదా. పెద్దాయన మాత్రం తన క్యారియరు విప్పి, పందిరి గుంజ పక్కన కూర్చుని పెరుగన్నం తిన్నాడు. తక్కినవాళ్ళంతా ఆకలి మీద అటు చూడలేక ఇటు చూశారు.

అప్పుడు అత్త వంటింట్లో ముంత తీసి సల్ల పోసింది. ఉప్పు బుడ్డిలో చెయ్యి పెట్టి చిటికెడు కాదు, గుప్పెడు తీసి వేసింది. ముంత నా చేతికిచ్చింది.

"కోదాడ పెద్దయ్యకు ఇయ్యి. నువ్వే ఇయ్యాలె. ఉప్పేసినవా అని అడుగుతడు. అబద్ధం జెప్పకు. తెలిసి తాగాలె."

కడుపుతో ఉన్న ఆడది చేతికిచ్చింది కాదంటే, కాదన్నవాళ్ళ ఇంటికి మంచిది కాదని మా నమ్మకం. అది ఆయనకూ తెలుసు, అత్తకూ తెలుసు. అంతమంది మగవాళ్ళ మధ్యకు కోడలు పోవడమే అప్పట్లో వింత. పోయి ముంత ముందు పెట్టాను.

"జర సల్ల తాగు పెద్దయ్యా. ఎండ బాగున్నది."

ఆయన ముంత వంక చూశాడు, నా కడుపు వంక చూశాడు.

"ఉప్పేసినావా తల్లీ?"

"ఏసిన పెద్దయ్యా."

ఆయన ముంత ముట్టుకోలేదు. తలుపు దగ్గర నుంచి అత్త గొంతు వినిపించింది. ఆమె పార్టీ వాళ్ళ ముందు మాట్లాడటం అదే మొదలు.

"అన్నా, నన్ను చెల్లె అన్నవ్. గీయనకు నెలల కొద్ది బువ్వ వెట్టినవ్, నేను మర్వలే. నాకు డాక్టరు సూర్యాపేటల ఉండనీ, కోదాడల ఉండనీ. నా బిడ్డ బండిల పోయింది. ఈ పిల్లను గా బండి ఎక్కియ్య. నర్సమ్మే బండెక్కి రావాలె. గదే నేను అడుగుతున్న. తాగితే తాగు, లేకుంటే లే."

మామ తల దించుకున్నాడు. పెద్దాయన క్యారియరు గిన్నెలు ఒక్కొక్కటే మూసి పెట్టాడు. ఆ కాసేపూ నాకు కడుపులో బిడ్డ తన్నడం తెలుస్తూనే ఉంది. తర్వాత ఆయన ముంత ఎత్తి, దించకుండా, కడదాకా తాగాడు. మొహం ముడుచుకుపోయింది.

"సముద్రం కలిపావేంటి చెల్లెమ్మా!" అన్నాడు.

ఎవరో నవ్వారు. ఆ వెంటనే అందరూ నవ్వారు, పొద్దుటి నుంచి ఒకరి గొంతు ఒకరు పట్టుకున్నవాళ్ళు కూడా. నేను ఖాళీ ముంత తీసుకుని లోపలికి పరుగెత్తాను, ఏడో నెలలో ఎంత పరుగెత్తగలిగితే అంత.

వకీలు ఓటు అడిగాడు. కావాలన్నవాళ్ళు చేతులెత్తమన్నాడు. సూర్యాపేట వైపు చేతులు లేచాయి. మిర్యాలగూడ వాళ్ళు ఒకరి మొహం ఒకరు చూసుకుని సగం సగం ఎత్తారు. మామ చెయ్యి ఇంకా ఒళ్ళోనే ఉంది. కోదాడ వాళ్ళు తమ పెద్దాయన వంక చూస్తున్నారు. ఆయన కండువా సర్దుకుని లేచాడు.

"నాకీ ముసాయిదా నచ్చలేదు. ఇప్పటికీ నచ్చలేదు. కానీ ఈ ఇంటి ఉప్పు తాగాను. ఎదురు చెయ్యి ఎత్తను. మావాళ్ళ చేతులు వాళ్ళిష్టం." కూర్చోబోయి మళ్ళీ లేచాడు. "బండి మొదటిసారి మాత్రం కోదాడ నుంచే కదలాలి. అది రాసుకోండి."

అంత జరిగినా రాజకీయం మరిచిపోలేదు ఆయన! మిల్లు యజమాని అభ్యంతరం చెప్పబోతే పక్కవాడు పంచె పట్టి కూర్చోబెట్టాడు. అప్పుడు మామ చెయ్యి మెల్లగా పైకి లేచింది. తలుపు సందులోంచి నాకు అన్ని చేతులూ కనిపించాయి, కానీ నేను ఆ ఒక్క చెయ్యే చూశాను. అత్త చూడలేదు. అప్పటికే విస్తళ్ళు కడగడానికి పెరట్లోకి పోయింది. ఇంతమందికి వడ్డించాలి కదా.

ఆ చట్టం ఎక్కడ ఆగిందో, ఏమైందో నాకు తెలియదు. మగవాళ్ళనడిగితే తలా ఒకటి చెప్పారు. నర్సమ్మ మాత్రం వచ్చింది. తొలకరి పడ్డాక, రేగడి బురదలో చక్రాలు కూరుకుంటూ, కోదాడ నుంచి కదిలిన బండి ఊరూరూ ఆగి మా ఊరు చేరింది. సన్నటి మనిషి, కోపిష్టి. వచ్చీ రాగానే నా గదిలో పొగ చూసి అత్తను కేకలేసింది. అత్త మాట పడని మనిషి, కిమ్మనకుండా కుంపటి బయట పెట్టింది. ఆ వారంలోనే, బండి ఇంకా మా ఊళ్ళో ఉండగానే, నొప్పులు మొదలయ్యాయి. బిడ్డ అడ్డం తిరిగింది. నేను ఆ మాట విని ఇక అయిపోయిందనుకున్నాను. బయట వాన, ఏరు నిండుగా పారుతూ ఉండి ఉంటుంది. ఆ ఏరు దాటాల్సిన పని మాకు పడలేదు. నర్సమ్మ తిడుతూనే, ముసలి మంత్రసానికి చూపిస్తూనే బిడ్డను సరిచేసి తీసింది. ఆడపిల్ల. మామ ఆ ఏడు కల్లం దగ్గర కుమ్మరికి తీసేముందే దవాఖాన మేర తీసి పెట్టాడు.

ఇరవయ్యొకటో రోజు పిల్లకు పేరు పెట్టాం. కోదాడ పెద్దాయన బండి దిగాడు. వెనక మనిషి ఉన్నాడు, చేతులు ఊపుకుంటూ. క్యారియరు లేదు. పెద్దాయన అందరితో పాటు బంతిలో కూర్చుని, పప్పు కలుపుకుని రెండు ముద్దలు తిని తలెత్తాడు.

"ఉప్పు చాల్లేదు చెల్లెమ్మా. ఇంకాస్త వెయ్యి."

"ఇంకెన్ని ఓట్లున్నయి అన్నా నీకాడ?" అంది అత్త. బంతి బంతంతా నవ్వింది.

అత్త నవ్వుతూనే లోపలికి వచ్చి, నా ఒళ్ళోంచి పిల్లను తీసుకుని పోయి ఆయన ముందు నిలబడింది. ఆయన తబ్బిబ్బయి చెయ్యి చాచబోయాడు. అన్నం మెతుకులంటిన చెయ్యి. చూసుకుని, కడుక్కుందామని విస్తరి ముందు నుంచి లేవబోయాడు.

అత్త ఆయన్ను లేవనివ్వలేదు.

"కడుపు నిండ తిను అన్నా. తిన్నంక ఎత్తుకుందువు. పిల్ల యాడికి పోదు, గీడనే ఉంటది."