ప్రేమలత ముట్టని సర్వర్

ప్రేమలతది సాతంరాయి అనే ఊరు. నాన్న ఈశ్వరయ్య ఇప్పటికీ ఎకరం మడిలో పాలకూర, మెంతికూర వేస్తాడు. ఆమె పన్నెండేళ్ల కింద విమానాశ్రయం పక్కన ఒక మందుల గోదాములో డేటా ఎంట్రీకి చేరింది. పని తెలిసినవాళ్లను విసిగించి ఒక్కొక్కటే నేర్చుకుంది. ఇప్పుడు అక్కడి సర్వర్లు ఆమే చూస్తుంది.

గోదాములో పెట్టెలకు స్టిక్కర్లు ప్రింట్ తీసే కంప్యూటర్లు నలభై. పొద్దున ఆన్ కాగానే అవి ఒక పెద్ద సర్వర్‌ని అడిగి తమ ప్రింటర్లను సర్దుకుంటాయి. ఆ సర్వర్‌లో రెండు విభాగాలు: ఒకటి అసలు పనికి, ఒకటి ప్రయోగాలకు. ప్రింటర్‌ను ఎలా సర్దాలో చెప్పే ప్లగిన్ అనే చిన్న ప్రోగ్రాం ప్రేమలత సొంతంగా రాసిందే, రెండు విభాగాల్లోనూ చెరొక కాపీ ఉంటుంది. జూన్‌లో కొత్త కస్టమర్ చిన్న స్టిక్కర్ అడిగితే, ప్రయోగాల కాపీలో కొలత మార్చింది. అసలు కాపీలో అక్షరం కదపలేదు.

మర్నాడు పొద్దున్నే ప్యాకింగ్ చూసే సక్కుబాయి ఫోన్ చేసింది.

"ప్రేమా, స్టిక్కర్లు గింత చిన్నగ వస్తున్నయేంది? స్కానర్ చదువుతలేదు. పెట్టెలన్నీ ఆగినయ్."

సర్వర్ రీస్టార్ట్ చేస్తే సర్దుకుంది. రెండు రోజులకు మళ్లీ అదే. ఈసారి రెండుసార్లు రీస్టార్ట్ చేస్తే గాని దారికి రాలేదు.

మేనేజర్ శివశంకర్ గుంటూరాయన. గొంతు పెంచడు, కానీ వినడు.

"అసలు విభాగంలో మీరేదో మార్చారండీ."

"నేను ముట్టలేదు సార్."

"ముట్టకపోతే దానంతట అదే మారుతుందా?"

రెండు కాపీలూ పక్కపక్కన పెట్టి చూపించింది. ఆయన చూడలేదు. నాలుగోసారి జరిగాక అసలు విభాగంలోకి వెళ్లే అనుమతి తీసేశాడు. అప్పటినుంచి రీస్టార్ట్ కావాలన్నా ఆయన గది ముందు నిలబడాల్సిందే. ఆశ్చర్యమేమిటంటే, ఆమెకు అనుమతి పోయాక కూడా స్టిక్కర్లు చిన్నగా వస్తూనే ఉన్నాయి. అయినా ఎవరూ ఆ మాట అనలేదు.

ఇంట్లో భర్త రాఘవేందర్‌కి చెబితే, "కొత్త సర్వర్ కొనమను" అన్నాడు. ఆమె లేచి అవతలికి వెళ్లిపోయింది.

ఒకరోజు స్కూటీ పంక్చరై తొమ్మిదిన్నరకు చేరింది. తిట్లకు సిద్ధపడి వస్తే, గోదాములో స్టిక్కర్లన్నీ సరిగ్గానే ఉన్నాయి. ఆలోచిస్తే, చిన్న స్టిక్కర్లు వచ్చిన రోజులన్నీ ఆమె ప్యాకింగ్ వాళ్లకంటే ముందే వచ్చి తన బల్ల మీది ప్రయోగాల విభాగం కంప్యూటర్ ఆన్ చేసినవే. సర్వర్ ఏమో రోజూ తెల్లారేసరికి దానంతట అదే రీస్టార్ట్ అవుతుంది. అంటే, లేచాక మొదట ఎవరు అడిగితే వాళ్ల విభాగం కాపీనే పట్టుకుని అందరికీ అదే ఇస్తోంది.

ఇన్ని రోజులూ గొడవ మొదలుపెట్టింది తన కంప్యూటరేనని తెలిసి ఆమెకు ఒళ్లు మండింది.

శివశంకర్‌ని పిలిచి పక్కన నిలబెట్టింది. రీస్టార్ట్ చేయించి, ప్రయోగాల కంప్యూటర్‌తో మొదట అడిగించింది: ప్యాకింగ్‌లో చిన్న స్టిక్కర్ వచ్చింది. మళ్లీ రీస్టార్ట్, ఈసారి ప్యాకింగ్ ముందు: ఆమె బల్ల మీద పెద్ద స్టిక్కర్ వచ్చింది.

"ఇంకోసారి చేయండి" అన్నాడాయన. చేసింది. అదే వచ్చింది.

పరిష్కారం ఆ సాఫ్ట్‌వేర్ సూచనల్లోనే ఉంది. ప్రతి విభాగానికీ దాని ప్లగిన్ వివరాలు వేరే ఫైలుగా తయారుచేసి పెడితే, సర్వర్ ఎవరిది వాళ్లకే ఇస్తుంది. ఒక్క కమాండ్, అంతే. కానీ ప్లగిన్ మారినప్పుడల్లా ఆ ఫైలు మళ్లీ తయారుచేయాలి. మనుషులు మర్చిపోతారని, కొత్త కోడ్ సర్వర్‌కి పోయేటప్పుడే ఆ పని దానంతట అదే జరిగేలా పెట్టింది.

ఆ పని కోసం ఆమెకు అనుమతి తిరిగి ఇచ్చారు. పని అయ్యాక అందరికీ శివశంకర్ మెయిల్ వచ్చింది: "సాంకేతిక సమస్య పరిష్కరించబడింది."

ఆమె ఆయన గదికి వెళ్లింది.

"సార్, నేను ముట్టలేదని గూడ రాయండి."

"ఇప్పుడు అవన్నీ ఎందుకండీ?"

"నెల రోజులు అందరి ముందట నన్నే అన్నరు. గందుకు."

ఆయన కీబోర్డు ముందుకు లాక్కుని, రాశాడు. ప్రేమలత అక్కడే నిలబడి చదివింది. తన పేరులో పోయిన అక్షరం ఒకటి సరిచేయించి, పంపించాకే బయటికి వచ్చింది.