పెద్దమ్మ తిట్టు మీద హక్కు

కొంగరకలాన్‌లో మా పెద్దమ్మ పొలం ప్లాట్లు కాకముందు, చివరిసారి నాట్లేస్తూ ఆమె పాడిన పాటను ఫోన్‌లో రికార్డు చేశాను. పాట మధ్యలో నన్ను చూసి, "గా ఫోన్ పక్కకు పెట్టి నారు అందియ్‌రా, సోంబేరోడా!" అని అరిచింది. ఆ ముక్క తీసెయ్యబుద్ధి కాలేదు. ఉన్నదున్నట్టు ఇంటర్నెట్‌లో పెట్టి, కింద "ఎవరైనా వాడుకోవచ్చు" అని రాశాను.

రెండేళ్లకు ఇబ్రహీంపట్నంలో ఒక పెళ్లి బరాత్‌లో అదే పాట డీజే మోతతో వినిపించింది. ఎవరో రీమిక్స్ చేశారు. తిట్టును కూడా వదల్లేదు. "సోంబేరోడా, సోంబేరోడా" అని తిప్పి తిప్పి వేస్తుంటే జనం ఎగిరెగిరి ఆడుతున్నారు. నేనూ ఆడాను. సంతోషపడ్డాను కూడా, అదీ నా తెలివి.

వారం తిరక్కుండానే ఇంటర్నెట్‌లో నేను పెట్టిన వీడియోను ఆ సైటువాళ్లు తీసేశారు. పాట ఆ రీమిక్స్ కంపెనీదట, దొంగిలించింది నేనట! ఫిర్యాదు చేద్దామని ఫారం తెరిస్తే, పాట సొంతదారు పేరు రాయమంది.

పెద్దమ్మను అడిగాను. "నాదెట్లయితదిరా? మా అత్త పాడంగ నేర్చుకున్న. ఆమె ఎవరి దగ్గర నేర్చుకున్నదో! నాట్లేసేటోళ్లందరిది" అంది.

అంతమందిని రాయడానికి ఆ ఫారంలో చోటు లేదు. ఒళ్లు మండిపోయింది. సరే, పాట ఎవరిదో నేను తేల్చలేను. కానీ ఆ తిట్టు తిన్నది నేను. ఇప్పుడు అది కూడా వాళ్లదేనట.