అరచేతిలో ఆరని పెట్రోలు

పాలమూరు నుంచి నడుపుకుంటూ వెళ్ళిన నా పాత బైకు, ముంబై కామాటిపురలో పిన్ని వాళ్ళుండే అద్దెగదుల చాల్ ముందు చలి పొద్దున స్టార్టు కాలేదు. ముందురోజు సర్వీసు చేసిన మెకానిక్ యాదయ్యను అందరిముందు తిట్టాను.

అతను ట్యాంకులోంచి రెండు చుక్కలు తీసి నా అరచేతిలో వేశాడు.

"అస్లీ పెట్రోలైతే జర సేపట్ల ఆరిపోతదన్నా. ఇది జిడ్డుగనే ఉంది, కిరోసిన్ కలిసింది. సల్లటి ఇంజన్ల అంటుకోదు," అన్నాడు మెల్లగా.

దారిలో చవకని, డబ్బాల్లో అమ్ముతున్న ఆ పెట్రోలు కొన్నది నేనే.

"ఏమైందిరా యాదీ?" పైనుంచి ఎవరో అడిగారు.

"నాదే గల్తీ, కార్బురేటర్ల కచరా ఉండె," అన్నాడు. నేను తెల్లబోయి చూస్తే, "మా గల్లీకి చుట్టమొచ్చినవ్. నలుగుర్ల నీ ఇజ్జత్ తీస్తనా?" అని గొణిగాడు.

నేను నోరు విప్పలేదు. తర్వాత ఆ చాల్‌వాళ్ళు అతనికి బండ్లివ్వడం మానేశారట. వాళ్ళలో తెలుగు చదవగలిగినవాళ్ళెవరైనా ఉంటే, దయచేసి ఇది మిగతావాళ్ళకు చదివి వినిపించండి.